ఇందూరు మీదుగా ఆకాశ బాట

వరుస అంటే ఏమిటో బోధన్ చెరకు రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో పర్మిట్ చేతికొచ్చాకే గడ నరకాలి. బండి కట్టుకుని గేటు దగ్గర వంతు కోసం ఆగాలి, పిలిచాక కాటా ఎక్కాలి. తొందరపడి ముందే నరికితే గడ ఎండి బరువు పోతుంది. అందరూ ఒకేసారి వస్తే గేటు ముందు రాత్రంతా జాగారం.

ఆ గేటు ఇప్పుడు మూతపడింది. అలాంటి వరుసే మరొకటి మాత్రం అదే నేల మీద, ముప్ఫై అయిదు వేల అడుగుల ఎత్తున, రేయింబవళ్లు నడుస్తోంది. మ్యాపు మీద షంషాబాద్ నుంచి ఢిల్లీకి స్కేలు పెట్టి గీత గీస్తే అది దాదాపు ఆర్మూరు మీదుగా పోతుంది. అసలు విమాన మార్గాలు అంత తిన్నగా ఉండవనుకోండి. అయినా ఉత్తరానికి పోయేవి, ఉత్తరం నుంచి దిగివచ్చేవి చాలావరకు ఈ చుట్టుపక్కల ఆకాశాన్నే వాడుకుంటాయి. ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న ఇందూరు (నిజామాబాద్) జిల్లా కాబట్టి, తెల్లటి చార కనబడితే చాలు పిల్లలు ‘దుబాయ్ విమానం’ అంటారు. దుబాయ్‌వి పడమటికి తిరుగుతాయి, ఇటు రావు. నెత్తి మీద పోయేది చాలాసార్లు ఢిల్లీదే.

ఆ దారి ఎవరిది? ఎవరు వేశారు, ఎవరు కాస్తున్నారు?

ఇక్కడ సర్కారే అన్నీ నడిపిన కాలం ఒకటుంది. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ నీటితో చెరకు, ఆ చెరకుతో 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చాయి. అంతకుముందే, 1930లో, రైల్వేను కంపెనీ చేతుల్లోంచి నిజాం ప్రభుత్వం తీసుకుంది. 1932లో అదే రైల్వే 27 బస్సులతో రోడ్డు మీదికి వచ్చింది, నేటి ఆర్టీసీకి మూలం అదే. ఇక మిగిలింది ఆకాశం. బేగంపేటలో విమానాల చప్పుడు 1930లలోనే మొదలైంది. 1945లో నిజాం ప్రభుత్వం టాటాలతో కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టింది.

విమానాలు కొనడం తేలికే, ఆకాశాన్ని కాయడమే కష్టం. తొలినాటి పైలట్లు కింద రైలు పట్టాలు, నదులు చూసుకుంటూ పోయేవారు. మబ్బు కమ్మితే అంతా దైవాధీనం. రేడియో వచ్చాక మనిషి గొంతు తోడయింది కానీ, ఎవరి విమానం ఎక్కడుందో నేల మీద నుంచి చూసే కన్ను లేదు.

ఆ కన్ను లేకపోవడం ఎంత పెద్ద లోటో 1948లో తెలిసింది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు లాంకాస్ట్రియన్ విమానాల్లో కరాచీ నుంచి నిజాంకు ఆయుధాలు మోశాడు. రాత్రివేళ భారత భూభాగం మీదుగా వచ్చి బీదర్‌లో, వరంగల్‌లో దింపేవాడు. బీదర్ అంటే బోధన్‌కు ఆకాశమార్గాన వంద కిలోమీటర్ల లోపే. భారత ప్రభుత్వం నిరసన తెలిపింది తప్ప ఆ విమానాలను ఆపలేకపోయింది. సెప్టెంబరులో పోలీసు చర్యతో కథ ముగిసింది. తన గడ్డ మీది ఆకాశానికి ప్రతి దేశమూ తానే సర్వాధికారి అని 1944లో షికాగోలో దేశాలు సంతకాలు చేసిన ఒప్పందం మొదటి అధికరణమే చెబుతుంది. కనబడని విమానం ముందు ఆ అధికారం కాగితానికే పరిమితమని కాటన్ నిరూపించాడు.

అదే షికాగో ఒప్పందంలో మరో అధికరణం ఉంది, ఇరవై ఎనిమిదోది. దారి చూపే ఏర్పాట్లు, రేడియో, వాతావరణ సమాచారం అందించే బాధ్యత ఆయా దేశాలదే అంటుంది. ఆ పని ఏ దేశం ఎవరి చేత చేయిస్తుందన్నది దాని ఇష్టం. మన దేశం సర్కారు చేతిలోనే ఉంచుకుంది. 1927లో మొదలైన పౌర విమానయాన శాఖే చాలాకాలం ఈ పని చూసింది. 1972లో అంతర్జాతీయ విమానాశ్రయాలకు ఒక సంస్థ, 1986లో మిగతా వాటికి జాతీయ విమానాశ్రయాల సంస్థ వచ్చాయి. ఆ రెండింటినీ కలిపి 1995 ఏప్రిల్ 1న ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియాను చేశారు. బోర్డులు మారాయి, యజమాని మారలేదు.

ఈ సంస్థను జనం విమానాశ్రయాలు కట్టేదిగానే ఎరుగుదురు. అసలు పని పైన ఉంది. నేల మీద, సముద్రం మీద కలిపి దాదాపు 28 లక్షల చదరపు నాటికల్ మైళ్ల ఆకాశం దీని కాపలాలో ఉంటుంది. అందులో సముద్రం మీదిదే ఎక్కువ. దాన్ని ముంబై, ఢిల్లీ, కోల్‌కతా, చెన్నై అని నాలుగు పెద్ద ప్రాంతాలుగా పంచారు. షంషాబాద్ చెన్నై వాటాలోది, నాందేడ్, నాగ్‌పూర్ ముంబై వాటాలోవి. విమానాశ్రయాల కోడ్‌లలోనే ఆ గుర్తు ఉంటుంది: షంషాబాద్ ‘వీఓ’తో మొదలైతే నాందేడ్ ‘వీఏ’తో మొదలవుతుంది. బోధన్ నుంచి నాందేడ్‌కు బస్సులో పోతుంటే ఎక్కడో ఒకచోట మహారాష్ట్ర బోర్డు వస్తుంది కదా, పైన కూడా అలాంటి ఎల్లలే ఉన్నాయి. కాకపోతే అక్కడ బోర్డు ఉండదు, గొంతు మారుతుంది.

ఆ గొంతులు మారే తీరు చూడాలి. షంషాబాద్‌లో రన్‌వే మీద ఉన్నంతసేపూ విమానం టవర్ మాట వింటుంది. గాల్లోకి లేచాక అప్రోచ్ వాళ్లు అందుకుంటారు. ఇంకా పైకెక్కితే ఏరియా కంట్రోల్‌ది బాధ్యత. ఇందూరు మీదికి వచ్చేసరికి విమానం వాళ్ల చేతిలో ఉంటుంది, ఉత్తరాన నాగ్‌పూర్ వాళ్లకు అప్పజెబుతారు. అప్పగించే ముందు ఫలానా విమానం, ఫలానా ఎత్తు, ఫలానా చోటికి ఇన్ని గంటలకు వస్తుందని అవతలివాళ్లకు ముందే కబురు వెళ్తుంది. అవతలివాళ్లు ఒప్పుకోకుండా ఇవతలివాళ్లు పంపడానికి లేదు. అచ్చం పర్మిట్ పద్ధతే! కంట్రోలర్, పైలట్ ఇద్దరూ తెలుగువాళ్లే అయినా మాట ఇంగ్లీషులోనే, అదీ పడికట్టు పదాల్లోనే నడుస్తుంది. తొమ్మిదిని ‘నైనర్’ అంటారు, రేడియో గరగరలో మరో మాటగా వినబడకుండా. చెప్పిన ఎత్తును పైలట్ తిరిగి అప్పజెప్పాలి. ఆ అప్పజెప్పింది కంట్రోలర్ చెవిపెట్టి వినాలి.

ఎత్తుల పంపకంలో ఒక చక్కని ఏర్పాటు ఉంది. తూర్పు సగం దిక్కులకు పోయేవాటికి బేసి వేల అడుగులు, పడమటి సగానికి పోయేవాటికి సరి వేలు. షంషాబాద్ నుంచి ఢిల్లీ దారి ఉత్తరానికి కాస్త పడమటికి ఒరుగుతుంది కాబట్టి పోయేది సరి ఎత్తున, వచ్చేది బేసి ఎత్తున. ఒకే గీత మీద ఎదురెదురుగా వచ్చినా మధ్య వెయ్యి అడుగులుంటాయి. ఇదివరకు బాగా పైన ఆ ఎడం రెండు వేలు ఉండేది. ఎత్తు చూపే పరికరాలు మెరుగయ్యాక 2003 నవంబరు 27 నుంచి మన ఆకాశంలో దాన్ని వెయ్యికి తగ్గించారు. కొత్తగా ఇటుక పేర్చకుండానే అంతస్తులు పెరిగాయన్నమాట.

ఆ అంతస్తు తప్పితే ఏమవుతుందో దేశం ఒకసారి చూసింది. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ విమానం, కజకిస్థాన్ విమానం ఢీకొని 349 మంది పోయారు. కజక్ విమానం తనకిచ్చిన ఎత్తు కంటే కిందికి దిగింది. దిగుతున్న సంగతి కంట్రోలర్‌కు కనబడలేదు, ఎందుకంటే ఎత్తును తెరమీద చూపే రెండో తరహా రాడార్ అప్పటికి అక్కడ పనిలో లేదు. కాటన్ కాలంనాటి గుడ్డితనమే, ఇంకో రూపంలో. ఆ తర్వాతే ఢిల్లీలో రాకపోకల దారులు వేరు చేశారు, విమానాల్లో ఢీకొనకుండా హెచ్చరించే పరికరాన్ని తప్పనిసరి చేశారు. మన దగ్గర చాలా ఏర్పాట్లు ఇలా చావుల తర్వాతే వచ్చాయి.

మన ప్రాంతపు ఆకాశానికి ఇంకో చిక్కుంది. బీదర్‌లో వైమానిక దళ శిక్షణ కేంద్రం, హైదరాబాద్ పక్కన హకీంపేట, దుండిగల్. సూర్యకిరణ్ విన్యాసాల జట్టు పుట్టిందీ బీదర్‌లోనే. వాళ్లు ఎగురుతున్నంతసేపు ఆ మేర ఆకాశం వాళ్లదే, ప్రయాణికుల విమానాలు చుట్టు తిరిగి పోవాలి. వాడుకోని వేళల్లో ఆ జాగాను వదిలే ఒప్పందాలు పెరుగుతున్నాయి. తిరిగే ప్రతి మైలుకూ ఇంధనం ఖర్చు కదా.

నన్ను ఆలోచనలో పడేసే పోలిక ఒకటుంది. 2002లో నిజాం షుగర్స్‌లో 51 శాతం ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో తాళం పడింది. ఆ మధ్యలోనే, 2008 మార్చి 23న, షంషాబాద్‌లో జీఎంఆర్ ప్రైవేటు విమానాశ్రయం తెరుచుకుంది. రన్‌వే వాళ్లది, టెర్మినల్ వాళ్లది, దుకాణాల అద్దె వాళ్లది. కానీ విమానానికి ‘దిగు’ అని చెప్పే గొంతు మాత్రం నేటికీ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీదే. చక్కెరకు సర్కారు అక్కర్లేదన్నవాళ్లు కూడా ఈ గొంతు జోలికి అంత ధీమాగా పోలేదు. ప్రపంచంలో పోయినవాళ్లు లేకపోలేదు. న్యూజిలాండ్ 1987లోనే దీన్ని శాఖలోంచి తీసి కంపెనీగా మార్చింది, వాటాలు మాత్రం సర్కారు దగ్గరే ఉంచుకుంది. కెనడా 1996లో 150 కోట్ల డాలర్లకు లాభాపేక్ష లేని ఒక సంస్థకు అమ్మేసింది. బ్రిటన్ 2001లో సగం వదులుకుంది. మన దగ్గర దీన్ని విడి కార్పొరేషన్ చేయాలన్న మాట చాలా ఏళ్లుగా నలుగుతోంది. ఎవరు ఎలా పెట్టుకున్నా ఒకటి మాత్రం అందరూ ఒప్పుకున్నారు: ఒకే ఆకాశపు ముక్కకు పోటీపడే ఇద్దరు కాపలాదారులు ఉండకూడదు.

నిజామాబాద్ జిల్లాకు విమానాశ్రయం రావాలని జక్రాన్‌పల్లి పేరు చాలాకాలంగా వినిపిస్తోంది. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాళ్లు వచ్చి సాధ్యాసాధ్యాలు చూసి వెళ్లారు. చిన్న విమానాశ్రయానికి రన్‌వే కొసన ఖరీదైన దారిచూపే పరికరాలు పెట్టడం భారం. ఇస్రోతో కలిసి ఈ సంస్థ తెచ్చిన ‘గగన్’ అందుకు పనికొస్తుంది, ఉపగ్రహం సాయంతో విమానం తిన్నగా దిగుతుంది. 2022 ఏప్రిల్ 28న రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం ఒకటి అలాగే దిగింది. జక్రాన్‌పల్లిలో మాత్రం ఇంకా పొలాలే ఉన్నాయి.

విమానం ఇక్కడ దిగదు సరే, మరి ఈ కాపలాకు కూలి ఎవరిస్తారు? దారి వాడుకున్నందుకు విమానయాన సంస్థలు రుసుము కడతాయి. మన దేశంలో ఎక్కడా దిగకుండా పైనుంచి దాటిపోయే విదేశీ విమానమైనా కట్టాల్సిందే. లెక్క రెండింటి మీద ఉంటుంది: ఎగిరిన దూరం, విమానం బరువు. కాటా ఎక్కించరు, కాగితం మీద నమోదైన గరిష్ఠ బరువే లెక్క. ఖాళీగా పోయినా, నిండుగా పోయినా అదే. శక్కర్‌నగర్ కాటా దగ్గర తూకం కోసం గొడవపడిన రైతుకు ఈ పద్ధతి చెబితే నవ్వుతాడు. రాత్రి ఢిల్లీ నుంచి వచ్చే విమానం బిల్లులో, ఆర్మూరు మీదుగా దొర్లిన ఆ కొద్ది నిమిషాల దూరం కూడా ఉంటుంది.