మన మధ్య తిరుగాడే పిల్లి

పిల్లిని గూర్చి సావనీరులో వ్యాసమా అని కొందరు నవ్వవచ్చు. నవ్వినా ఫరవాలేదు. మన చరిత్రలో ఈ జీవికి వున్న చోటు చిన్నదేమీ కాదు.

హజ్రత్ అబూ ఖతాదా (ర) వుజూ చేసుకోవడానికి కోడలు కబ్షా నీళ్లు పోసింది. అంతలో వొక పిల్లి ఆ నీళ్లు తాగవచ్చింది. ఆయన అదిలించలేదు సరిగదా, అది తాగేదాకా పాత్రను వంచి పట్టుకున్నారు. కోడలు వింతగా చూస్తుంటే, పిల్లి అశుద్ధం కాదనీ, అది మీ మధ్య తిరుగాడే వాటిలోనిదనీ దైవప్రవక్త (స) చెప్పినట్లు తెలిపారు. ఇమాం మాలిక్ 'మువత్తా'లోనూ, అబూ దావూద్, తిర్మిజీ సంకలనాలలోనూ ఈ హదీసు వున్నది. తిరుగాడేవి అనడానికి అందులో వాడిన అరబీ మాట 'తవ్వాఫీన్'. కాబా చుట్టూ చేసే తవాఫ్‌కూ దీనికీ ధాతువు వొక్కటే. అంటే ఇల్లంతా తిరగడం పిల్లికి దురలవాటు కాదు, దాని తీరే అది.

బుఖారీ, ముస్లిం రెండింటిలో వున్న స్త్రీ వృత్తాంతం మీరు వినే వుంటారు. ఆమె పిల్లిని బంధించి తిండి పెట్టలేదు. పోనీ, పురుగూ పుట్రా ఏరుకు తింటుందని వదలనూ లేదు. చనిపోయిన ఆ పిల్లి కారణంగా ఆమె నరకం పాలైంది. మనం సాధారణంగా తిండి మాటే చెబుతాం. వదలకపోవడం కూడా నేరంలో భాగమేనని గమనించం. పిల్లి నిద్ర చెడకుండా ప్రవక్త (స) అంగీ చెయ్యి కత్తిరించారన్న కథ మాత్రం ప్రాచీన హదీసు గ్రంథాలలో లేదు. ఎంత ముద్దుగా వున్నా దాన్ని పక్కన పెట్టడమే మంచిది.

ఈజిప్టును 1260 నుంచి 1277 వరకు ఏలిన సుల్తాను బైబర్స్, కైరోలో తన మసీదు దగ్గరి తోటను పిల్లుల పోషణకు రాసి యిచ్చాడని ఎడ్వర్డ్ లేన్ 1836లో అచ్చయిన తన గ్రంథంలో రాశాడు. తోట తర్వాత చేతులు మారింది. అయినా లేన్ కాలంలో రోజూ మధ్యాహ్నం ఖాజీ కచేరీ ముంగిట పిల్లులను పిలిచి మాంసపు తునకలు వేసేవారట. వచ్చి తిని, వాటి దారిన అవి పోయేవి.

ఇంత చెప్పిన నేను చిన్నతనంలో చేసిన పని వేరు. కొత్త పరదా గీరిందని మా పిల్లిని మంచం కోడుకు తాడుతో కట్టేశాను. రాత్రంతా అరిచింది. ఫజర్‌కు లేచిన దాదీ ముడి విప్పి, "దాని గోళ్లు అది ఎక్కడ గీరుకోవాల్రా?" అంటూ పాత గోనెసంచిని వసారా గుంజకు చుట్టింది. గీరితే గోరు పైపొర వూడి కొత్త మొన తేలుతుంది. పాదాల వాసన అక్కడ అంటి, ఇది తన చోటని మిగతా పిల్లులకు తెలుస్తుంది. దాదీకి ఈ శాస్త్రమంతా యెవరు చెప్పారు గనుక!

పరదా జోలికి మళ్లీ పోలేదని చెప్పను, అప్పుడప్పుడు పోయేది. గోనెసంచి మాత్రం కొన్నాళ్లకే పీచుపీచు అయింది. దాదీ ఇంకొకటి చుట్టింది.