తుపాకి పట్టిన స్త్రీలు: మలెనాడు, తెలంగాణ అనుభవాలు

2025 జనవరి 8న బెంగళూరులో కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య సమక్షంలో ఆరుగురు మావోయిస్టులు లొంగిపోయారు. వారిలో నలుగురు స్త్రీలు. దళ నాయకురాలు ముండగారు లత. పురుషులిద్దరిలో ఒకరు మన సరిహద్దును ఆనుకొని ఉన్న రాయచూరు జిల్లావాసి. అంతకు 21 సంవత్సరాల ముందు, 2003 నవంబరు 17న, కార్కళ తాలూకా ఈదు గ్రామంలో జరిగిన ఎదురుకాల్పులలో మరణించిన హాజిమా, పార్వతి కూడా యువతులే.

కుద్రేముఖ జాతీయ ఉద్యానవనం పేరిట అడవి నుండి వెళ్లగొడతారన్న భయం మలెనాడు గిరిజన కుటుంబాలను ఉద్యమం వైపు నెట్టిన ముఖ్య కారణం. కట్టెలకూ అటవీ ఫలాలకూ అడవినే నమ్ముకున్న ఇండ్లలో ఆ భయం ముందుగా తాకేది ఆడవారినే. కనుక వారంతా భర్తల వెంటో అన్నల వెంటో వెళ్లినవారని తేల్చివేయడం సరికాదు.

తెలంగాణ సాయుధ పోరాటంలోనూ (1946-51) ఇదే కనిపిస్తుంది. వెట్టిచాకిరీ, దొరల గడీలలో అవమానాలు స్త్రీలను సంఘంలోకి నడిపించాయి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ సంఘం అండతో తన పంటను దక్కించుకున్నది. దళానికి నాయకత్వం వహించిన మల్లు స్వరాజ్యం తలకు 10,000 రూపాయల వెల ప్రకటించారు. ఆమె తరువాత 1978, 1983లలో తుంగతుర్తి నుండి శాసనసభకు ఎన్నికై, 2022లో మరణించారు.

అందరికీ ఆ గౌరవం దక్కలేదు. 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగిన పిమ్మట, ఉత్తరాలు మోసి, ఆయుధాలు దాచి, గాయపడినవారికి సేవ చేసిన ఎందరో స్త్రీలను తిరిగి వంటింటికే పొమ్మన్నారు. స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర' ఆ మాటలను వారి నోటనే వినిపిస్తుంది. అజ్ఞాతవాసంలో కన్నబిడ్డను పరులకు అప్పగించిన తల్లి కథనమూ అందులో ఉన్నది. నేపాల్‌లో అంతర్యుద్ధానంతరం ఐక్యరాజ్యసమితి ధ్రువీకరించిన 19,602 మంది మావోయిస్టు యోధులలో 3,846 మంది స్త్రీలు, అనగా దాదాపు ఐదవ వంతు.

మన పొరుగునే ఉన్న గద్వాల ప్రాంతపు పోతుల పద్మావతి, అలియాస్ సుజాత, నాలుగు దశాబ్దాల అజ్ఞాతవాసం అనంతరం 2025 సెప్టెంబరు 13న హైదరాబాదులో లొంగిపోయారు. లొంగిపోయే నాటికి ఆమె మావోయిస్టు పార్టీ కేంద్రకమిటీ సభ్యురాలు.

లొంగుబాటుతో అన్నీ తీరిపోతాయని కుటుంబాలు భావించరాదు. బెంగళూరులో లొంగిపోయిన ఆరుగురినీ మరునాడే న్యాయస్థానం జుడీషియల్ కస్టడీకి పంపింది. ప్రభుత్వం పునరావాస సహాయం ప్రకటించినంత మాత్రాన పాత కేసులు వాటంతట అవే రద్దు కావు.