ఉక్కుపై నిలిచిన సాక్ష్యం: కలకత్తా మౌజర్ పిస్తోళ్ళు

రాతిపై చెక్కిన అక్షరాలను చదివి రాజవంశాల కాలనిర్ణయం చేయడం మనకు పరిచితమైన విద్య. ఆయుధాల ఉక్కుపై ముద్రించిన అంకెలు, అక్షరాలు కూడా అటువంటి చారిత్రకాధారాలే. నేడు కోల్‌కతాగా పిలువబడుతున్న కలకత్తాలో జరిగిన రొడ్డా ఆయుధాపహరణ ఉదంతం ఇందుకు చక్కని నిదర్శనం.

1914 ఆగస్టు 26, బుధవారం. బ్రిటన్ జర్మనీపై యుద్ధం ప్రకటించి మూడు వారాలు గడిచాయి. ఆయుధ వ్యాపార సంస్థ అయిన రొడ్డా కంపెనీ గుమాస్తా శ్రీశ్ చంద్ర మిత్ర కస్టమ్స్ కార్యాలయం నుండి 202 పెట్టెలను విడిపించాడు. వాన్సిటార్ట్ రోలోని గిడ్డంగికి మాత్రం 192 పెట్టెలే చేర్చి, మిగిలినవి తెస్తానని వెళ్ళి తిరిగి రాలేదు. విప్లవకారుడు హరిదాస్ దత్త బండివాని వేషంలో తోలిన ఎద్దుబండిపై తక్కిన 10 పెట్టెలు మలంగా లేన్ వైపు తరలిపోయాయి. వాటిలో 50 మౌజర్ పిస్తోళ్ళు, 46,000 తూటాలు ఉన్నాయి.

ఇవి జర్మనీలోని ఓబెర్న్‌డార్ఫ్ పట్టణంలో తయారైన సి-96 రకానికి చెందినవి. పిస్తోలును భద్రపరచే కొయ్య పెట్టెను పిడికి తగిలిస్తే, భుజానికి ఆనించి తుపాకివలె పేల్చవచ్చు. 1918 నాటి రౌలట్ కమిటీ నివేదిక ప్రకారం, 44 పిస్తోళ్ళు వెనువెంటనే 9 విప్లవ బృందాలకు అందాయి. 54 ఘటనలలో వినియోగింపబడ్డాయి. 1915 సెప్టెంబరు 9న బాలాసోర్ సమీపంలో బాఘా జతీన్, ఆయన నలుగురు సహచరులు సాయుధ పోలీసులను ఎదిరించినది కూడా మౌజర్ పిస్తోళ్ళతోనే. మరునాడు జతీన్ ఆస్పత్రిలో అమరుడయ్యాడు.

ప్రతి పిస్తోలుపైనా తయారీదారు ముద్రించిన వరుస సంఖ్య ఉన్నది. ఆ సంఖ్యల పట్టిక రొడ్డా కంపెనీ వద్ద భద్రంగా ఉండటంవల్ల, చేజిక్కిన ఆయుధం ఆ 50లో ఒకటా కాదా అన్నది పోలీసులు నిర్ధారించగలిగారు. ఆ నివేదిక నాటికి 31 పిస్తోళ్ళు దొరికాయి. వ్యాపార సౌకర్యం కోసం వేసిన అంకె ఆ విధంగా యువకులపై సాక్ష్యంగా మారింది.

సైనిక ఆయుధాలపై ముద్రలు ఇంతకన్నా విస్తృతమైనవి. జర్మన్ సామ్రాజ్య సైన్యంలో తనిఖీ అధికారులు కిరీటం కింద అక్షరం గల ముద్ర వేసేవారు. దళపు ముద్ర రెజిమెంటును, కంపెనీని, ఆయుధ సంఖ్యను తెలిపేది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైనిక ఆయుధాగారాలు తాము మరమ్మతు చేసిన తుపాకులపై తమ పొడి అక్షరాలను ముద్రించేవి. విడిభాగాలపై ఉండే వరుస సంఖ్య చివరి అంకెలు ప్రధాన సంఖ్యతో సరిపోలకుంటే, ఆ భాగం తరువాత మార్చబడినదని ఊహించవచ్చు.

ఈ పరిజ్ఞానం మన చరిత్రకు ఉపకరిస్తుంది. జర్మన్ సైన్యం 1916లో 9 మిల్లీమీటర్ల మౌజర్ పిస్తోళ్ళకు ఆర్డరు ఇచ్చింది. వాటి పిడులపై పెద్ద 9 అంకె చెక్కబడింది. జర్మన్ ప్రభుత్వ ఆయుధాలపై 1920 అనే ముద్ర యుద్ధానంతరం వేయబడినది. ఈ రెండింటిలో ఏ ఒక్కటి కనబడినా, ఆ పిస్తోలు 1914లో కలకత్తా చేరినది కాజాలదు. రొడ్డా పెట్టెలలోనివి వ్యాపార సరుకు కనుక వాటిపై సైనిక దళపు ముద్రలు ఆశించరాదు. అయితే ముద్రలు లేనంత మాత్రాన ప్రతి మౌజరూ విప్లవకారులది కాదు. అందుకు పట్టికలోని సంఖ్యయే ప్రమాణం.

కనుక పాత ఆయుధాలను భద్రపరచేవారు తుప్పు వదిలించే తొందరలో వాటిని అరగదీయరాదు. ముందుగా ప్రతి ముద్రను ఛాయాచిత్రం తీసి, అది ఉన్న స్థానంతో సహా నమోదు చేయాలి. ఆకురాయితో చెరిపిన అంకెలను సైతం ఆమ్ల పరీక్షతో కొన్ని సందర్భాలలో తిరిగి చదవవచ్చు. మెరుగు పెట్టే కొద్దీ ఆ అవకాశం సన్నగిల్లుతుంది. ఒకనాడు విప్లవకారులను పట్టియిచ్చిన ఆ అంకెలే, నేడు వారి త్యాగగాథలో యథార్థాన్ని కల్పననుండి వేరుచేసే ఆధారాలు.