ఎక్స్ కిరణానికి దారి ఇచ్చిన కాంతి

1895 డిసెంబరులో రాంట్‌జెన్ తన భార్య చేతిని ఎక్స్ కిరణాలతో చిత్రించారు. మాంసం ఆ కిరణాలను చాలావరకు పోనిచ్చింది; ఎముకలూ, వేలి ఉంగరమూ అడ్డుకున్నాయి. ఏ పదార్థం ఎంత శోషించుకుంటుందన్నది దాని స్వభావమనీ, పదార్థం మారితే తప్ప ఆ స్వభావం మారదనీ చాలాకాలం మన అనుభవం.

ఆ నమ్మకానికి తొలి బీట మామూలు కాంతి విషయంలో పడింది. 1991లో స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ హారిస్ బృందం స్ట్రాన్షియం ఆవిరిపై ఒక లేజరును ప్రసరింపజేసింది. అంతవరకు ఆ ఆవిరి దాదాపు పూర్తిగా మింగివేస్తున్న అతినీలలోహిత కాంతిలో మూడవ వంతుకు పైగా అవతలికి వచ్చింది! శోషణకున్న రెండు దారులు ఒకదానినొకటి రద్దు చేసుకోవడమే ఇందులోని కిటుకు.

మరి ఎక్స్ కిరణాలకు ఇది సాధ్యమా? ఇక్కడే చిక్కు వచ్చింది. ఎక్స్ కిరణం పరమాణువు లోపలి కక్ష్యలోని ఎలక్ట్రానును పెకలిస్తుంది. నియాన్‌లో అలా ఏర్పడిన ఖాళీ 2.4 ఫెమ్టోసెకన్లలో, అంటే సెకనులో కోటి కోట్ల వంతు కూడా గడవకముందే, పూడిపోతుంది. లేజరు తన పని అంతలోనే చేయాలి. అందుకు చదరపు సెంటీమీటరుకు పది లక్షల కోట్ల వాట్ల తీవ్రత కావాలి. అంతటి కాంతికి చాలా పరమాణువులు చెదిరిపోతాయి. ఎలక్ట్రాన్లను గట్టిగా పట్టి ఉంచే నియాన్ మాత్రం తట్టుకుంటుంది.

2007లో బూత్, సాంత్రా, యంగ్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఈ లెక్క కట్టారు. 800 నానోమీటర్ల లేజరు నియాన్‌లోని ఒక ఉత్తేజిత స్థితిని రెండుగా చీలుస్తుంది. శోషణ శిఖరం అటూ ఇటూ జరిగి, 867 ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద లోయ ఏర్పడుతుంది; శోషణ 13 రెట్లు తగ్గుతుందని వారి అంచనా. 2010లో బర్క్‌లీలో చేసిన ప్రయోగంలో ఎక్స్ కిరణాల ప్రసారం మూడు రెట్లు పెరిగినట్లు తేలింది.

అణువుల కథ వేరు. అక్కడ లేజరు అణువును చీల్చదు, ఒక దిశకు తిప్పి నిలుపుతుంది. బ్రోమోట్రైఫ్లోరోమీథేన్‌పై 2008లో ప్రచురితమైన ప్రయోగంలో అణువు ఎటు తిరిగి ఉందన్న దాన్నిబట్టి బ్రోమిన్ శోషణ మారింది.

ఇది ఉంగరాన్ని మాయం చేసే విద్య కాదు. ఒకే శక్తి వద్ద, లేజరు వెలుగున్న ఆ క్షణంలోనే తెరుచుకునే తలుపు. అయితేనేం, కిరణం దేనిగుండా పోవాలో పదార్థం ఒక్కటే నిర్ణయించిన రోజులు పోయాయి.