తాడ్వాయి దారి ఎత్తుపల్లాలు

కామారెడ్డిలో సైకిలెక్కి తాడ్వాయి, లింగంపేట, గాంధారి మీదుగా సదాశివనగర్ చేరి, పెద్ద రోడ్డు పట్టుకుని వెనక్కి వస్తే ఒక చుట్టు పూర్తవుతుంది. పెద్ద కొండ ఎక్కే పని పడదు; అలాగని కాళ్లు ఊరుకునే దారీ కాదు. చెల్కల మధ్య మిట్ట ఎక్కగానే పొలాల్లోకి దిగుడు, ఒక కల్వర్టు, మళ్లీ ఎత్తు. గేర్లు లేని సైకిలుకు పాలక్యాన్లు కట్టుకున్న మనిషి అలాంటి చోట దిగి, ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఇంకోటి సీటు మీద వేసి తోసుకుంటూ పోవడం పల్లెల్లో ఎరిగిన దృశ్యమే. దారికి ఈ నడక ఎక్కడిదంటే గుట్టలదని చెప్పేస్తాం. నా లెక్కలో అది సగం జవాబే. మిగతా సగం చెరువులది.

తూర్పున మానేరు, పడమర మంజీర. నడుమ ఉన్న మెట్టనేలలో వాననీళ్లు ఆపుకుంటేనే వ్యవసాయం. రెండు మిట్టల మధ్య వాగు ఇరుకైన చోట కట్ట పోశారు. కట్టకు తూము, తూము కింద వరి. ఊరు మాత్రం మెరకన. వరిమడిని బాటకు వదులుకునే రైతు ఉండడు. కనుక బండ్లబాట చెల్కలు పట్టుకునే పోయింది. నీళ్లు దాటక తప్పని చోట కట్టెక్కింది, లేదంటే మత్తడి కింద వాగులోకి దిగింది. కంకరైనా తారైనా తర్వాత ఎక్కువగా ఆ జాడ మీదే పడ్డాయి. నీళ్ల కోసం ఈ నేల పడ్డ ఆరాటానికి లింగంపేటలోని నాగన్న బావి అనే మెట్లబావి చాలు సాక్ష్యం. ఎల్లారెడ్డికి ఆగ్నేయాన పోచారం ఆనకట్ట 1916–1922 మధ్య లేచింది. 2015 మార్చి 12న చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ మొదలైంది కూడా ఈ చుట్టులోని సదాశివనగర్ చెరువు దగ్గరే.

దారిని చేసింది చెరువు కాదు, రైలు అనేవారున్నారు. 1900 ప్రాంతంలో గోదావరి లోయ రైలు వచ్చాక కామారెడ్డి బెల్లానికి, ధాన్యానికి మార్కెట్ అయింది, ఎల్లారెడ్డి తాలూకా బండ్లు ఇటే మళ్లాయి, నిజమే. కానీ రైలు చెప్పింది ఎక్కడికి పోవాలో. ఎటునుంచి పోవాలో చెప్పలేదు. ఇంకో మాట బలమైనది: చెరువునూ ఎత్తునూ ఇచ్చింది ఒకే నేల కదా, చెరువుకు వేరే గొప్పేమిటి? నేల వీలు మాత్రమే ఇచ్చింది. కట్టలు లేకుంటే వాగు ఒడ్డున చదునుగా సాగే దారికి అడ్డేముండేది? ఆ చదునును మడులుగా మార్చి, దారిని మిట్టకెక్కించింది మనుషులే.

2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లాలో కుండపోత కురిసినప్పుడు దారికీ నీళ్లకూ ఉన్న ఈ ముడి కళ్లకు కట్టింది. శతాబ్దం నాటి పోచారం కట్ట అంత వరదనూ తట్టుకుని నిలబడింది. రోడ్లు మాత్రం వాగులు దాటే చోట తెగాయి, కల్వర్టులు కొట్టుకుపోయాయి. తారు కింద దాగిన పాత నీటిదారి అక్కడ మళ్లీ బయటపడింది.