గద్ద ఎగిరేదాకా

క్రీ.శ. 193, వేసవి. రోమ్ నగరం నడిబొడ్డున ఉన్న ఫోరమ్ జనంతో కిక్కిరిసి ఉంది. సందు చూసుకుని ముందుకు రండి. పాలరాతి ఉపన్యాస వేదికను ఆనుకుని కొత్తగా కొయ్య అరుగు కట్టారు. దాని మీద గోడలు లేని మండపం, దంతంతో, బంగారంతో చేసిన స్తంభాలు. లోపల పాడె, అదీ దంతమూ బంగారమే. చుట్టూ నేల మీద తిరిగేవీ నీళ్లలో బతికేవీ రకరకాల జంతువుల తలలు. పైన పరిచిన ఊదారంగు దుప్పట్లలో బంగారు తీగలు మెరుస్తున్నాయి.

పాడె మీద పడుకున్నాయన విజయోత్సవ వస్త్రాల్లో ఉన్నాడు. పక్కన ఒక చక్కని కుర్రాడు నిలబడి నెమలి ఈకలతో ఈగలు తోలుతున్నాడు. ఇంకాస్త దగ్గరికి వచ్చి ఆ ముఖం చూడండి. అది మైనం. బుగ్గలు, కనురెప్పలు, గడ్డం అన్నీ మైనంతో పోతపోసినవే. అయినా కుర్రాడి చెయ్యి ఆగదు. నిజంగా మనిషే కునుకు తీస్తున్నట్టు, ఒక్క ఈగ వాలినా మెలకువ వస్తుందేమో అన్నంత జాగ్రత్తగా ఊపుతున్నాడు.

అసలు మనిషి మార్చి 28నే పోయాడు. పేరు పెర్టినాక్స్. బానిసత్వం నుంచి విముక్తి పొందినవాడి కొడుకు. మొదట పిల్లలకు చదువు చెప్పాడు, తర్వాత సైన్యంలో చేరి మెట్టుమెట్టుగా పైకొచ్చాడు, అరవై ఆరేళ్ల వయసులో చక్రవర్తి అయ్యాడు. ఏలింది 87 రోజులు. సైన్యంలో క్రమశిక్షణ తేవాలని, ఖజానాను చక్కదిద్దాలని తొందరపడ్డాడు. కాపలా కాయాల్సిన అంగరక్షక దళం వాళ్లే కత్తులు దూసి రాజభవనంలోకి చొరబడ్డారు. తల నరికి ఈటెకు గుచ్చారు. ఆ తర్వాత తమ శిబిరం దగ్గర సింహాసనాన్ని వేలం వేశారు. ఒక్కో సైనికుడికి 25,000 సెస్టర్సులు ఇస్తానన్న డిడియస్ జూలియానస్ పాట గెలుచుకున్నాడు. ఓడిపోయిన పాటగాడు ఎవరో కాదు, పెర్టినాక్స్ మామగారే.

జూలియానస్ రెండు నెలలు దాటి కొద్దిరోజులు ఉన్నాడు, అంతే. డాన్యూబ్ సరిహద్దు నుంచి సేనలతో వచ్చిన సెప్టిమియస్ సెవెరస్ ఇప్పుడు చక్రవర్తి. హంతకులను చంపించాడు, ఆ దళాన్ని రద్దు చేశాడు, పెర్టినాక్స్ పేరును తన పేరులో కలుపుకున్నాడు. అంత్యక్రియలూ తనే జరిపిస్తున్నాడు. తలను ఈటె మీద ఊరేగించిన శరీరాన్ని జనం ముందు పెట్టలేరు కదా. అందుకే మైనంతో మళ్లీ నిండు మనిషిని చేశారు. ఈ తతంగం మొత్తంలో నన్ను ఎక్కువగా కదిలించేది ఆ మైనమే.

సెవెరస్ నల్లటి శోకవస్త్రాల్లో వచ్చాడు. సెనేటర్ల భార్యలు చుట్టూ ఉన్న వసారాల నీడలో కూర్చున్నారు, మగవాళ్లు ఆరుబయట ఎండలో. వాళ్లలో ఒకడు డియో కాసియస్, బిథీనియా నుంచి వచ్చిన సెనేటర్. తర్వాతి కాలంలో గ్రీకు భాషలో రోమ్ చరిత్ర రాయబోతున్నాడు. ఈ పూట మనం చూస్తున్నవన్నీ అతను కళ్లారా చూసి రాసిపెట్టినవే. అతణ్ణి ప్రీటర్ పదవికి ఎంపిక చేసింది పెర్టినాక్సే.

ఊరేగింపు మొదలయ్యేలోగా ఒకసారి వెనక్కి తిరగండి. ఎదురుగా జూలియస్ సీజర్ గుడి, ఆయన్ను దహనం చేసిన చోటే కట్టారు. ఎడమ వైపు ఆకుపచ్చ చారల రాతి స్తంభాలతో ఉన్నది ఫాస్టినా గుడి. ఆమె 140లో చనిపోతే భర్త, చక్రవర్తి ఆంటోనైనస్ పయస్ కోరిక మీద సెనేట్ ఆమెను దేవతగా ప్రకటించింది. 161లో ఆయనా పోయాక, ఆమె పేరున్న శాసనం పైన ఇంకో వరుస చెక్కి ఆయన పేరు చేర్చారు. ఇలా దేవతలైన ఆడవాళ్లలో మొదటిది చక్రవర్తి కాలిగులా చెల్లెలు డ్రుసిల్లా, 38లో. ఆమె ఆకాశానికి ఎగిసి దేవతలతో మాట్లాడుతుండగా చూశానని ఒక సెనేటర్ తన మీదా తన పిల్లల మీదా ఒట్టు వేశాడు. 63లో చక్రవర్తి నీరో కూతురు క్లాడియా నాలుగు నెలలైనా నిండకుండానే పోయింది. ఆ పసిబిడ్డకూ గుడి, పూజారి కావాలని సెనేట్ తీర్మానించింది. అందులో సెనేటర్ల ముఖస్తుతి ఉంది, నిజమే. బిడ్డను పోగొట్టుకున్న తండ్రి ఏం చేయాలో తోచక అల్లాడటమూ ఉందని నేను నమ్ముతాను.

అదిగో, కదిలారు. ముందు పాతకాలపు రోమ్ మహాపురుషుల బొమ్మలు. వెనక బాలురూ పెద్దలూ బృందాలుగా శోకగీతాలు పాడుతున్నారు. ఆ తర్వాత రోమ్‌కు లొంగిన జాతులు, తమ తమ దేశాల దుస్తుల్లో ఉన్న కంచు బొమ్మలుగా. నగరంలోని లేఖకుల, చాటింపుదారుల సంఘాలు. ఆయుధాలతో సైనికులు, పందెపు గుర్రాలు. చివర్న ఒక బలిపీఠం. అంతా బంగారు పూత, దంతం, మన దేశం నుంచి వెళ్లిన రత్నాలు. రోమ్‌తో సాగిన వర్తకంలో ఇక్కడి సరుకు అటు వెళ్తే అక్కడి బంగారం ఇటు వచ్చింది. నాగార్జునకొండ తవ్వకాల్లో ఫాస్టినా బొమ్మ ఉన్న బంగారు నాణెం దొరికింది.

సెవెరస్ వేదిక ఎక్కి ప్రశంస చదివాడు. మధ్యమధ్య సెనేటర్లు కేకలు వేస్తున్నారు, ఒకసారి పొగుడుతూ, ఒకసారి ఏడుస్తూ. పాడె లేపబోయే సరికి అందరూ ఒక్కసారిగా గొల్లుమన్నారు. ఆజ్ఞ మీద వచ్చిన ఏడుపు అనేవాళ్లు ఉంటారు, నేను ఒప్పుకోను. మార్చిలో మంచి పాలకుడి తల ఈటె మీద చూసి కూడా నోరెత్తలేకపోయారు వీళ్లు. ఇన్నాళ్లకు బయటికి ఏడవడానికి వీలు దొరికింది.

గుండెలు బాదుకుంటూ, వేణువుల మీద శోకరాగాలు ఊదుతూ మార్స్ మైదానానికి చేరారు. చక్రవర్తి అందరికన్నా వెనక నడిచాడు. మైదానంలో చితి మూడంతస్తుల గోపురంలా లేచి ఉంది. శిఖరం మీద పెర్టినాక్స్ తోలే బంగారు పూత రథం. పాడెను లోపల పెట్టారు. సెవెరసూ, పెర్టినాక్స్ బంధువులూ ఒక్కొక్కరే వచ్చి మైనపు ముఖాన్ని ముద్దుపెట్టుకున్నారు. సెనేటర్లు కాస్త దూరంలో కొయ్య మెట్ల మీద కూర్చున్నారు. చితి చుట్టూ గుర్రపుదళం, కాల్బలం అల్లిబిల్లిగా తిరిగాయి. అప్పుడు కాన్సుళ్లు నిప్పు పెట్టారు.

కొయ్య చిటపటలాడుతోంది. పొగ రథాన్ని కమ్మేసింది. అంతలో గోపురంలోంచి ఒక గద్ద రెక్కలు కొట్టుకుంటూ పైకి లేచింది. దాన్ని మనుషులే లోపల ఉంచారని అక్కడున్న వాళ్లకు తెలుసు. అయినా తలలన్నీ పైకి లేచాయి. ఇక పెర్టినాక్స్ దేవుడు.

ప్రార్థనల చివర, ఒట్లు వేసేటప్పుడు ఆయన పేరు పలకాలని సెవెరస్ ఆదేశించాడు. రథపందేలు జరిగే సర్కస్ మైదానంలోకి ఆయన బంగారు ప్రతిమను ఏనుగుల బండి మీద తేవాలన్నాడు. ఈ పని వల్ల సెవెరస్‌కు దక్కింది తక్కువేమీ కాదు. నిన్నటి సేనాపతి, హత్యకు ప్రతీకారం తీర్చుకున్న వారసుడయ్యాడు. రెండేళ్లు తిరిగేసరికి ఇంకో అడుగు వేసి, అప్పటికే దైవమైన పాత చక్రవర్తి మార్కస్ ఆరీలియస్‌కు తాను కొడుకునని చెప్పుకున్నాడు. సెనేట్ అసహ్యించుకున్న మార్కస్ కొడుకు కొమోడస్‌ను సోదరుణ్ణి చేసుకుని అతనికీ దైవత్వం ఇప్పించాడు.

211లో సెవెరస్ చనిపోయాడు, ఆయనకూ ఇదే మర్యాద జరిగింది. పెద్దకొడుకు కారకల్లా తమ్ముణ్ణి చంపి ఒక్కడే చక్రవర్తి అయ్యాక పెర్టినాక్స్ కొడుకును చంపించాడు. మార్కస్ కూతురు కార్నిఫీషియాను కూడా బతకనివ్వలేదు. ఆమె తల్లీ తండ్రీ ఇద్దరూ అప్పటికే రోమ్ దేవతలు.