నేల క్లాసు నుంచి ఫిల్మ్ క్లబ్బు దాకా

మా నాయన డప్పు కొడితేనే మా ఊళ్లో సినిమా మొదలయ్యేది. గొప్పకి చెప్పడం లేదు, జరిగిన సంగతే చెబుతున్నాను. మాది తెనాలి దగ్గర పల్లె. కోతలైపోయి పొలాలు ఖాళీ అయ్యాక టూరింగ్ టాకీసు వాళ్లొచ్చి గుడారం వేసేవాళ్లు. బొమ్మ మారిన రోజున ఎడ్లబండికి రెండు పక్కలా పోస్టర్లు కట్టి నాలుగూళ్లూ తిప్పేవాళ్లు. బండి ముందు మా నాయన. పొద్దున్నే గడ్డి మంట మీద డప్పు కాచుకొని, చిర్ర, సిటికెన పుల్ల చేత పట్టుకొని బయల్దేరేవాడు. బండి వెనక కరపత్రాల కోసం పిల్లలు పరిగెత్తేవాళ్లు. వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఊళ్లోకొచ్చేసరికి మాత్రం నేను వెనక్కి తగ్గేవాణ్ణి. మా నాయనని "ఏరా, ఈసారి ఏం బొమ్మరా?" అని నాకంటే చిన్నపిల్లలు అడుగుతుంటే వినలేకపోయేవాణ్ణి.

ఆ డప్పుకి కూలి కొద్ది చిల్లరా, ఒక నేల టిక్కెట్టూ. ఆ టిక్కెట్టు మీద మా నాయన నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకొని సినిమా చూపించేవాడు. ఘంటసాల భక్తిపాట రికార్డు వేశారంటే టిక్కెట్లు ఇస్తున్నట్టు లెక్క. ఒకటే ప్రొజెక్టరు కాబట్టి రీలు మార్చినప్పుడల్లా ఆగేది. మూడు నాలుగు ఇంటర్వెల్లు.

గుడారంలో నేల, బెంచి, కుర్చీ అని మూడు తరగతులు. పేరుకి డబ్బుల తేడా. మా చిన్నాయన రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరిన కొత్తలో జీతం డబ్బుల్తో కుర్చీ టిక్కెట్టు కొన్నాడు. సినిమా మొదలవకముందే గేటు దగ్గరి మనిషి వచ్చి, "ఆసాములొస్తున్నారు, లేచి కిందికి పో" అన్నాడు. టిక్కెట్టు చూపించాడు చిన్నాయన. "టిక్కెట్టుంటే సరా?" అన్నాడా మనిషి. ఆ ఒక్క మాటలో మన సాంఘిక శాస్త్రం అంతా ఉంది. చిన్నాయన కిందికి రాలేదు, బయటికెళ్లిపోయాడు. మళ్లీ ఆ గుడారంలో అడుగుపెట్టలేదు.

అయినా ఒక్కటి ఒప్పుకోవాలి. గుళ్లోకి మమ్మల్ని రానివ్వలేదు. కాఫీ హోటల్లో మా గ్లాసు వేరు. సినిమా గుడారం మాత్రం మా అర్ధరూపాయి తీసుకొని లోపలికి రానిచ్చింది. దీపాలార్పితే ఎవరు ఎవరో తెలియని చోటు మా ఊళ్లో అదొక్కటే. చీకటికీ చరిత్ర ఉంటుంది. ఆ చరిత్రని సినిమా పండితులు రాయలేదు.

*

1989లో ఉస్మానియాలో ఎమ్మేకి వచ్చాను. ఏజీ ఆఫీసులో పనిచేసే మా హాస్టల్ పాత సీనియర్ ఒకాయన నన్ను నగరంలో ఒక ఫిల్మ్ క్లబ్బుకి తీసుకెళ్లాడు. అక్కడ టిక్కెట్లుండవు. మెంబర్లకే సినిమా. మెంబరు కావాలంటే ఇద్దరు మెంబర్లు సిఫార్సు చెయ్యాలి. ఒక సంతకం సీనియర్‌ది. రెండో సంతకం కోసం మూడు వారాలు తిరిగాను. సంతకం పెట్టిన పెద్దమనిషి, "తెనాలా? ఎవరి తాలూకు? ఇంటిపేరేంటి?" అని అడిగాడు. ఊరి పేరు చెప్పి ఊరుకున్నాను.

ఈ క్లబ్బుల కథ కూడా కొంత చెప్పాలి. సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా వంటి వాళ్లు 1947లో కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టారు. 1959లో దేశంలోని సొసైటీలన్నీ ఫెడరేషన్‌గా ఏర్పడ్డాయి. దానికి రాయే మొదటి అధ్యక్షుడు. 1964లో పూనాలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ వచ్చింది. ఆర్కైవ్ నుంచీ, విదేశీ రాయబార కార్యాలయాల నుంచీ వచ్చే ప్రింట్లు ఊరూరా క్లబ్బులకి తిరిగేవి. మామూలు థియేటర్లో చూడలేని ప్రపంచ సినిమాని మెంబర్లు చూసేవాళ్లు. మంచి సినిమా అంటే ఏమిటో ఈ దేశానికి నేర్పింది ఈ ఉద్యమమే. కాదనను. మరి ఆ 'దేశం'లో ఎవరున్నారు? ఇంగ్లీషు వచ్చినవాళ్లు, ఆదివారం సెలవున్నవాళ్లు, సిఫార్సు చెయ్యడానికి మనుషులున్నవాళ్లు. టిక్కెట్టు కౌంటరు దగ్గర కులం అడగరు. మెంబర్‌షిప్ దగ్గర అడగకుండానే తెలుసుకుంటారు.

వారం వారం అదొక తిరునాళ్ల నాకు. ఉన్న ఒక్క మంచి చొక్కా ఇస్త్రీ చేసుకొని సాయంత్రం సిటీబస్సెక్కేవాణ్ణి. హాస్టల్ మిత్రులు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కి చిరంజీవి సినిమాకి పోతూ, "ఏందిరా, నీ బొమ్మలో పాటలన్నా ఉంటాయా?" అని ఏడిపించేవాళ్లు. ప్రివ్యూ థియేటర్ ఎదుట ఇరానీ హోటల్లో వన్ బై టూ చాయ్ తాగి లోపలికెళ్లేవాళ్లం. సినిమా అయ్యాక మళ్లీ అదే హోటల్లో చర్చ. స్కాలర్‌షిప్పు ఆలస్యమైన నెలల్లో నా చాయ్ డబ్బులు సీనియరే ఇచ్చేవాడు.

నేను ఆ ఆదివారాలకి రుణపడి ఉన్నాను. 'బైసికిల్ థీవ్స్' చివర్లో కొడుకు ఎదుట దొంగగా దొరికిపోయిన తండ్రిని చూసినప్పుడు, బండి ముందు డప్పు కొడుతున్న మా నాయన్ని వదిలి వెనక్కి తగ్గిన పిల్లవాణ్ణి గుర్తుపట్టాను. అందులో కొడుకు తండ్రి చెయ్యి పట్టుకుంటాడు. నేను పట్టుకోలేదు. ఆ రాత్రి హాస్టల్‌కి నడిచే వచ్చాను.

ఐసెన్‌స్టీన్ 'బాటిల్‌షిప్ పొటెంకిన్' 1925 నాటిది. పురుగులు పట్టిన మాంసం తినమంటే నావికులు తిరగబడతారు. చర్చలో అందరూ మాంటేజ్ గురించి మాట్లాడారు. మెట్ల మీద కాల్పుల దృశ్యంలో ఎన్ని షాట్లున్నాయో లెక్క చెప్పారు. నేను, "మా సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో పురుగులన్నం పెడితే మేమూ కంచాలు తిరగేసి కూర్చున్నామండీ" అన్నాను. నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, పిల్లవాడి మాటకి నవ్వే నవ్వు. పురుగు ఉన్న బువ్వ తిన్నవాడు ఆ గదిలో నేనొక్కణ్ణే. ఆ సినిమాకి నిజమైన ప్రేక్షకుణ్ణి నేనేనని ఆరోజు చెప్పుకోవడం చాతకాలేదు.

1990 ఆగస్టులో మండల్ వచ్చింది. చాయ్ బల్ల దగ్గర గొంతులు మారినై. డి సికా సినిమాకి కళ్లు తుడుచుకున్నవాళ్లే మెరిట్ గురించి మాట్లాడారు. ఇటలీ పేదవాడి మీద జాలి ఉంది. పక్క కుర్చీలోవాడి సీటు మీద మాత్రం కోపం. నేను తలొంచుకొని చాయ్ తాగాను. ఆ మౌనానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఒక ఆదివారం 'మాలపిల్ల' గురించి మాట వచ్చింది. 1938లోనే తెలుగువాళ్లు అంటరానితనం మీద సినిమా తీశారని గర్వంగా చెప్పారు. నిజమే. గూడవల్లి రామబ్రహ్మం దర్శకుడు, కథ చలం, మాటలు తాపీ ధర్మారావు, మాలపిల్ల వేషం కాంచనమాలది. తీసిన సారథి ఫిలింస్‌కి అండ చల్లపల్లి జమీందారు. ఆనాటికి అది సాహసమే. దాన్ని చిన్నబుచ్చను. కాని పేరు మాలపిల్లది, కథ ఆ పిల్లని ప్రేమించిన బ్రాహ్మణ యువకుడిది, డబ్బు జమీందారుది. మా వాడలో మనిషి ఎక్కడున్నాడు? తెర మీద సంస్కరించబడుతూ ఉన్నాడు.

*

1991 జూలైలో మా తెనాలి ప్రాంతంలోనే, చుండూరు సినిమాహాల్లో, చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు ముందు కూర్చున్న రెడ్డి కుర్రాడికి తగిలింది. అంతే. సినిమాహాల్లో కాలు తగలడం ఎంత మామూలు విషయం! అది దాడుల దాకా, దళితుల సాంఘిక బహిష్కరణ దాకా పోయింది. ఆగస్టు 6న 8 మంది దళితుల్ని వేటాడి చంపారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. బతికినవాళ్లు తమ మృతుల్ని ఊరి నడిబొడ్డున ఖననం చేశారు. ఆ చోటుకి రక్తక్షేత్రం అని పేరు.

కాలు తగలడం ఒక్కటే కారణమని నేననను. చదువులు, ఉద్యోగాలు, మంచి బట్టలు, ఆసాముల పొలం మీద ఆధారపడకుండా బతకడం, ఇవన్నీ వాళ్ల కళ్లల్లో ముందునుంచే పడ్డాయి. కారంచేడు 1985 నాటికే ఆ సంగతి చెప్పింది. కాని నిప్పు రాజుకున్నది సినిమాహాల్లో. నేను మా ఊరి గుడారంలో చూసిన ఆ చీకటి ఎంత పల్చటిదో చుండూరు చూపించింది.

ఊరెళ్లి, చుండూరు వెళ్లి, నెల తర్వాత నగరానికి తిరిగొచ్చాను. ఆ ఆదివారం క్లబ్బులో 'సద్గతి' వేశారు. ప్రేమ్‌చంద్ కథ. రాయ్ 1981లో దూరదర్శన్ కోసం తీసిన చిన్న సినిమా. దుఖీ అనే చమార్ కూతురి నిశ్చితార్థానికి ముహూర్తం పెట్టించుకోవడానికి గడ్డిమోపు కానుకగా తీసుకొని బ్రాహ్మడి ఇంటికి పోతాడు. ఆయన వెట్టి చేయిస్తాడు. జ్వరం నుంచి లేచిన మనిషి, తిండి లేకుండా మొద్దు చీలుస్తూ చచ్చిపోతాడు. శవాన్ని ముట్టుకోకుండా బ్రాహ్మడు కర్రతో కాలు పైకెత్తి, తాడు ఉచ్చు బిగించి, పశువుల కళేబరాలు పడేసే చోటికి ఈడ్చుకుపోతాడు.

చర్చ మొదలైంది. ఒకాయన ఆ చివరి దృశ్యంలో వెలుతురు గురించి చెప్పాడు. ఇంకొకాయన రాయ్ సంయమనం గురించి. నేను లేచాను. కాళ్లు వణుకుతున్నాయి. "మా జిల్లాలో పోయిన నెల శవాల్ని గోనెసంచుల్లో కట్టి కాలవలో వేశారు. అక్కడా కాలు దగ్గరే మొదలైంది, అదీ సినిమాహాల్లో. ముందు దాని గురించి మాట్లాడదామా?" అన్నాను. ఎవరూ నవ్వలేదు ఈసారి. నిర్వాహకుల్లో ఒకాయన చాలా మర్యాదగా, "బాబూ, మీ బాధ అర్థమైంది. ఇక్కడ సినిమా గురించి మాత్రమే మాట్లాడుకుందాం" అన్నాడు. "నేను మాట్లాడింది సినిమా గురించేనండీ" అన్నాను. మళ్లీ వెలుతురు గురించి మొదలెట్టారు.

బయటికొచ్చేటప్పుడు అడిగాను, ఈ సినిమా మా వాడలో వెయ్యడానికి ప్రింటు ఇప్పించగలరా అని. మెంబర్లు కానివాళ్లకి చూపించడానికి వీల్లేదన్నారు. రూలు నిజంగానే అట్లా ఉంది. ఆయన్ని తప్పుపట్టను. రూలు ఎవరిని మనసులో పెట్టుకొని రాశారన్నదే నా ప్రశ్న.

*

దూరదర్శన్‌లో వేసినప్పుడు రికార్డు చేసిన కేసెట్టు ఒక మిత్రుడి దగ్గర దొరికింది. 1992 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి రాత్రి, తెనాలి నుంచి టీవీ, వీసీఆర్ కిరాయికి తెచ్చి మా వాడ నడుమ బల్ల మీద పెట్టాం. ఆ సాయంత్రం మా నాయన డప్పు కాచి నాలుగు వీధులూ తిరిగి చాటింపు వేశాడు. ఈసారి నేను పక్కనే నడిచాను.

హిందీ ఎవరికీ రాదు. నేను పక్కన నిలబడి చెబుతున్నాను. కాసేపటికి చెప్పాల్సిన పనిలేకపోయింది. గడ్డిమోపు చూడగానే ఒక ముసలమ్మ, "ఉత్తచేతుల్తో పోగూడదుగా మరి!" అంది. దుఖీ గొడ్డలెత్తగానే మా నాయన, "గొడ్డలి మొద్దుబారింది, అది దిగదు. ముందు కూడెట్టమని అడగాలిగదరా, అడక్కుండా కొడతన్నాడేంది?" అని అరిచాడు. ఆ మాటే సినిమాలో ఒక గోండు అంటాడు. శవం పడ్డాక ఆ గోండే చమార్ల వాడకి పోయి, ఎవరూ పీనుగని తియ్యొద్దని హెచ్చరిస్తాడు. వాళ్లు కదలరు. అప్పుడు మా వాడలో ఈలలు మోగినై. "అదీ పని!" అన్నాడు మా నాయన.

నేను నిర్ఘాంతపోయాను. క్లబ్బులో గంటసేపు జరిగిన చర్చలో ఆ గోండు మాటే రాలేదు. నాకూ తట్టలేదు. వాళ్లకీ నాకూ అది దుఖీ చావు సినిమా. మా నాయనకి అది పీనుగని ఎత్తమని తిరగబడ్డ వాడ సినిమా. ఊళ్లో గొడ్డు చస్తే ఈడ్చుకొచ్చే పని ఆయనది. ఆ పని మానేస్తే ఏమవుతుందో ఆయనకి తెలుసు. మా అమ్మ మాత్రం వానలో ఏడ్చిన స్మితా పాటిల్‌ని తలుచుకొని, "ఆ పిల్ల కూతురి పెళ్లి ఏమైందిరా?" అని అడిగింది. దానికి నా దగ్గరా జవాబు లేదు, రాయ్ దగ్గరా లేదు.

ఆ వేసవి తర్వాత మా నాయన గొడ్డుని ఈడ్చడం మానేశాడు. సినిమా చూసి మానేశాడని చెప్పను. చుండూరు ఉంది, వాడలో కుర్రాళ్లున్నారు, అంబేద్కర్ ఉన్నాడు. ఆ రాత్రి కూడా ఉంది. 2016లో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీసినందుకు దళితుల్ని కొట్టినప్పుడు, అక్కడి దళితులు పశువుల కళేబరాల్ని ప్రభుత్వ కార్యాలయం ముందు పడేశారు. పేపర్లో ఆ ఫోటో చూసి మా నాయన్ని తలుచుకున్నాను. అప్పటికి ఆయన లేడు.

చుండూరు కేసులో 2007లో ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ నిర్దోషులంది. చంపినవాళ్లు లేని చావులయ్యాయి అవి. సద్గతిలో మాదిరే.

ఇప్పుడు కెమెరా వెనక్కి మనవాళ్లొచ్చారు. నాగరాజ్ మంజుళే 2013లో తీసిన 'ఫండ్రీ'లో చివరికి పిల్లవాడు రాయి విసురుతాడు. అది నేరుగా చూస్తున్న మనమీదికే వస్తుంది. అది చూసినప్పుడు ప్రివ్యూ థియేటర్లో వణుకుతూ నిలబడ్డ కుర్రాడు గుర్తొచ్చాడు.

ఇది చదివే విద్యార్థులకి ఒక మాట. మీ హాస్టల్లో, మీ వాడలో వారానికొక సినిమా వెయ్యండి. ఇప్పుడు ప్రింటు కోసం ఎవర్నీ బతిమాలక్కర్లేదు. ఫోనూ, తెల్ల దుప్పటీ ఉంటే చాలు. సినిమా అయ్యాక ముందు మీరు మాట్లాడొద్దు. మీ అమ్మని, నాయనని మాట్లాడనివ్వండి. గోండు ఎవరికి కనపడతాడో చూడండి.

మా నాయన డప్పు నా దగ్గరే ఉంది. ప్రతి ఏప్రిల్ 14న మా వాడలో సినిమా వేస్తున్నాం. చాటింపు ఇప్పుడు నా పని.